“అన్నీ ఉన్న ఆస్ట్రోఫోటోగ్రఫీ కిట్” కొనేముందు అందులో మోటార్ ఏదో అడగండి

150 మి.మీ. న్యూటోనియన్ (అద్దాలతో పనిచేసే) టెలిస్కోపు, దాన్ని మోసి తిప్పే ఈక్యూ3 తరగతి మౌంటు, “ట్రాకింగ్ మోటార్”, కెమెరా తగిలించే టీ-రింగు. ఇవన్నీ కలిపి, మొదటి రాత్రే నీహారికలు తీయొచ్చని చెప్పి అమ్మే సెట్లు చాలానే ఉన్నాయి. తక్కువ ఖర్చులో డీప్ స్కై (నీహారికలు, గెలాక్సీల ఫోటోలు) మొదలుపెడదామనుకునేవాళ్ళు ఉన్న డబ్బంతా ఇక్కడే పోసేస్తున్నారు. దయచేసి ఆగండి. ప్రకటనలో చూపించే ఫోటోలు ఈ సెట్‌తో రావు. విడిగా చూస్తే ఇందులో ఏ వస్తువూ పూర్తిగా పనికిరానిది కాదు. ఒకదానితో ఒకటి కుదరవు, అదే అసలు చిక్కు.

ముందు మోటార్ సంగతి. పెట్టెలో వచ్చేది చాలాసార్లు 9 వోల్టుల బ్యాటరీతో నడిచే మామూలు డీసీ మోటార్. వేగం పెంచడానికీ తగ్గించడానికీ ఒక నాబ్ ఉంటుంది, అంతే. ఆకాశం సెకనుకు 15 ఆర్క్ సెకండ్ల చొప్పున కదులుతుంది (ఆర్క్ సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు). ఆ వేగాన్ని చేత్తో నాబ్ తిప్పి పట్టుకోవాలన్నమాట. లెక్క చూడండి. 750 మి.మీ. ఫోకల్ లెంగ్త్‌కి 4.3 మైక్రాన్ల పిక్సెల్ ఉన్న కెమెరా పెడితే ఒక్కో పిక్సెల్‌కి దాదాపు 1.2 ఆర్క్ సెకండ్లు వస్తాయి (206.265ని పిక్సెల్ సైజుతో గుణించి ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి). మోటార్ వేగం నూటికి ఒక్క వంతు తప్పినా 30 సెకన్లలో నక్షత్రం 4.5 ఆర్క్ సెకండ్లు, అంటే దాదాపు 4 పిక్సెళ్ళు జరిగిపోతుంది. చుక్క కాస్తా గీత అవుతుంది. పైగా బ్యాటరీ దిగేకొద్దీ, చలి పెరిగేకొద్దీ వేగం మారుతూనే ఉంటుంది, కాబట్టి సాయంత్రం కుదిర్చిన నాబ్ అర్ధరాత్రికి పనికిరాదు.

“తర్వాత ఆటోగైడింగ్ (ఇంకో కెమెరా ఒక నక్షత్రాన్ని గమనిస్తూ మౌంటుని సరిచేయడం) పెట్టుకోవచ్చు” అని అమ్మేవాళ్ళు సర్దిచెబుతారు. ఈ మోటార్‌కి పెట్టుకోలేరు. గైడింగ్ సాఫ్ట్‌వేర్ (పీహెచ్‌డీ2 ఉచితంగానే దొరుకుతుంది) పంపే ఆదేశాలు అందుకోవడానికి ఎస్‌టీ-4 (గైడింగ్ కోసమే ఉండే) పోర్టో, కంప్యూటర్ కనెక్షనో ఉండాలి. డెక్ అక్షానికి (ఉత్తర దక్షిణాలుగా తిప్పేది) కూడా మోటార్ ఉండాలి. నాబ్ మోటార్‌కి ఈ రెండూ లేవు. మళ్ళీ కొత్తగా రెండు అక్షాల స్టెప్పర్ (కచ్చితమైన చిన్న అడుగులుగా తిరిగే) మోటార్ సెట్ కొనాల్సిందే.

ఇక బరువు. 150/750 (అద్దం వెడల్పు/ఫోకల్ లెంగ్త్, మి.మీ.లలో) గొట్టం, రింగులు, ఫైండర్ కలిపితే 5, 6 కిలోలు. కెమెరా, కోమా కరెక్టర్ (అంచుల్లో నక్షత్రాలు సాగకుండా చూసే లెన్స్), గైడ్ స్కోపు (గైడింగ్‌కి వాడే చిన్న టెలిస్కోపు) చేరితే ఇంకో కిలోన్నర, రెండు కిలోలు. ఈ తరగతి మౌంటు కంటితో చూసే పనికే దాదాపు ఆ బరువు దగ్గర ఆగిపోతుంది. ఫోటోలకైతే కంపెనీ చెప్పిన బరువులో సగం, మహా అయితే అరవై శాతం దాటకూడదు. కౌంటర్‌వెయిట్లు ఇందులో లెక్కలోకి రావు. బరువు మించితే చిన్న గాలికే గొట్టం ఊగి, తీసిన వాటిలో సగం ఫోటోలు పారేయాల్సి వస్తుంది.

కొన్నవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఫోకస్ దగ్గర. డీఎస్‌ఎల్‌ఆర్‌లో సెన్సర్ బాగా లోపలికి ఉంటుంది. కెనన్ ఈఎఫ్ మౌంటుకి 44 మి.మీ., టీ-రింగుతో కలిపి 55 మి.మీ. కంటితో చూడ్డానికి తయారైన చాలా న్యూటోనియన్లలో ఫోకస్ పాయింటు అంత బయటికి రాదు. ఫోకసర్‌ని పూర్తిగా లోపలికి తిప్పేసినా చంద్రుడు మసగ్గానే ఉంటాడు. అప్పుడు “బార్లో (ఫోకల్ లెంగ్త్ పెంచే లెన్స్) పెట్టుకోండి” అంటారు. 2ఎక్స్ బార్లో పెడితే ఫోకస్ కుదిరే మాట నిజమే, కానీ ఎఫ్/5 కాస్తా ఎఫ్/10 అయి అదే వెలుగుకి నాలుగింతల ఎక్స్‌పోజర్ కావాలి, ట్రాకింగ్ తప్పు కూడా రెండింతలు కనిపిస్తుంది. డీప్ స్కైకి అది మందు కాదు. అసలు మందు ఎత్తు తక్కువ ఫోకసర్ వేయడం, లేదా ప్రధాన అద్దాన్ని ముందుకు జరపడం. అద్దం జరిపితే సెకండరీ అద్దం సైజు కూడా సరిపోవాలి.

ఇంకో రకం గొట్టానికి అసలు దగ్గరికే వెళ్ళకండి: పొడవు అర మీటరే ఉంటుంది, పైన మాత్రం ఫోకల్ లెంగ్త్ 1000 మి.మీ. అని రాసి ఉంటుంది. న్యూటోనియన్ అలా ఉంటే ఫోకసర్‌లో అదనపు లెన్స్ దాచి ఉన్నట్టే.

వాడిన మౌంటు కొనేవాళ్ళు స్టాక్ చేసిన (చాలా ఫోటోలు కలిపి తయారుచేసిన) అందమైన ఫోటో చూసి నమ్మొద్దు. ఒక నిమిషం చొప్పున వరుసగా తీసిన 12 రా ఫైళ్ళు, గైడింగ్ లేకుండా, అడగండి. పన్నెండే ఎందుకంటే, ఈక్యూ3 తరహా మౌంట్లలో ఆర్‌ఏ (తూర్పు పడమరలుగా తిప్పే అక్షం) గేరుకి 130 పళ్ళుంటాయి, దాన్ని తిప్పే వార్మ్ (మర లాంటి గేరు) ఒక్క చుట్టు తిరగడానికి దాదాపు 11 నిమిషాలు పడుతుంది. ఈ ఫైళ్ళు వరుసగా తిప్పి చూస్తే జబ్బేదో తెలిసిపోతుంది. నక్షత్రం తూర్పు పడమరలుగా వెళ్ళి వెనక్కొస్తుంటే వార్మ్ తప్పు, దాన్ని గైడింగ్ సరిచేస్తుంది. తూర్పుకో పడమరకో ఒకేవైపు జరుగుతూ పోతే మోటార్ వేగమే తప్పు. ఉత్తర దక్షిణాలుగా మెల్లగా జరిగితే (మౌంటు అక్షాన్ని ఆకాశ ధ్రువం వైపు కుదిర్చే) పోలార్ అలైన్‌మెంట్ కుదరలేదంతే, మౌంటు తప్పు కాదు. ఉన్నట్టుండి గంతులేస్తే గేర్లలో వదులో, బరువో, గాలో.

చేతికి వచ్చాక కౌంటర్‌వెయిట్ రాడ్ పట్టుకుని మెల్లగా అటూ ఇటూ కదిపి చూడండి. టక్ టక్‌మని ఆడితే వార్మ్ వదులుగా ఉంది. చాలా మౌంట్లలో స్క్రూలతో సరిచేయొచ్చు, ధర తగ్గించమని అడగొచ్చు. పోలార్ స్కోపు (మౌంటు అక్షంలో ఉండే చిన్న దుర్భిణి) క్రాస్ మీద దూరంగా ఉన్న టవర్ కొసని పెట్టి ఆర్‌ఏని సగం చుట్టు తిప్పండి. కొస క్రాస్ మీదే ఉండాలి. “ఆస్ట్రో మోడ్ చేసిన (నీహారికల ఎరుపు పట్టేలా లోపలి ఫిల్టర్ తీసిన) కెమెరా” అని అమ్మితే డేలైట్ వైట్ బ్యాలెన్స్‌లో పగటి ఫోటో ఒకటి తీయండి, బాగా ఎర్రగా రావాలి. మామూలు రంగులొస్తే లోపలి ఫిల్టర్ ఎవరూ తీయలేదు.

గోటూ (అడిగిన వస్తువు వైపు తనే తిరిగే) మౌంటు తీసుకుంటే కేబుళ్ళతో చాలా జాగ్రత్త. సింటా కంపెనీ తరహా మౌంటు బోర్డు 5 వోల్టుల టీటీఎల్ సిగ్నల్‌తో మాట్లాడుతుంది. మామూలు ఆర్‌ఎస్-232 కేబుల్‌ని నేరుగా మౌంటు పోర్టులో గుచ్చితే బోర్డు కాలిపోవచ్చు. ఈక్యూడీఐఆర్ (ఇలాంటి మౌంటుని నేరుగా కంప్యూటర్‌కి కలిపే) కేబులే వాడాలి. పాత అడాప్టర్ ఇస్తే ముందు మల్టీమీటర్‌తో 12 వోల్టులున్నాయా, మధ్య పిన్ పాజిటివేనా చూడండి.

సెట్ ఇప్పటికే కొనేసినవాళ్ళు తిరిగిచ్చే గడువు ఉండగానే, ఆకాశం తేటపడేదాకా ఆగకుండా, దూరపు వీధి దీపం మీద కెమెరాకి ఫోకస్ కుదురుతుందో లేదో చూసుకోండి. కుదరకపోతే వెనక్కిచ్చేయండి. గడువు దాటిపోతే గొట్టాన్ని కంటితో చూడ్డానికి ఉంచుకుని, కెమెరాని 135 మి.మీ. లెన్స్‌తో అదే మౌంటు మీద పెట్టండి. అప్పుడు ఒక్కో పిక్సెల్ 6.6 ఆర్క్ సెకండ్లు. ఇందాకటి 4.5 ఆర్క్ సెకండ్ల తప్పు ఒక్క పిక్సెల్ కూడా దాటదు. ఆండ్రోమెడా గెలాక్సీ మూడు డిగ్రీల పైనే పరుచుకుని ఉంటుంది, దానికి ఈ లెన్సే సరైనది.