సోడియం సిలికేట్‌తో ఆరేళ్ళు: గచ్చుకు సరిపోయింది, ఇటుక గోడకు కాదు

మా ధాన్యం గోదాములో సిమెంటు గచ్చు దుమ్ము లేచేది. ఎంత ఊడ్చినా బస్తా జరిపిన చోటల్లా బూడిదరంగు పొడి రాలేది. పోసేటప్పుడు నీళ్ళు ఎక్కువ కలిపారని, తరవాత సరిగా తడపలేదని ఆలస్యంగా తెలిసింది. పగలగొట్టి మళ్ళీ పోయించే స్తోమత లేదు. 2019 వేసవిలో కెమికల్ దుకాణంలో ముప్పై కిలోల సోడియం సిలికేట్ క్యాను కొన్నాను. రంగు లేకుండా, చక్కెర పాకంలా చిక్కగా ఉంటుంది. సబ్బుల తయారీకి వాడే సరుకు కూడా ఇదే. నేల మీద ప్లాస్టిక్‌లాంటి గట్టి పొర కట్టే ఎపాక్సీ పూతకు అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇది చాలా చవక.

దుకాణదారు ‘వాటర్‌ప్రూఫ్’ అన్నాడు. అది నిజం కాదు. సిమెంటు గట్టిపడ్డాక కూడా అందులో కొంత సున్నం మిగిలి ఉంటుంది. ఈ ద్రవం సన్న రంధ్రాల్లోకి ఇంకి, ఆ సున్నంతో కలిసి రాయిలా గట్టిపడుతుంది. అందుకే పైపొర గట్టిపడి పొడి రాలడం ఆగుతుంది. సున్నం అందని చోట దీనికి పని లేదు. పాత రంగు, నూనె మరక ఉన్నచోట లోపలికే దిగదు. కొత్త గచ్చయితే కనీసం నాలుగు వారాలు ఆగాలి.

గచ్చు తొమ్మిది వందల చదరపు అడుగులు. కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఒక పాలు ద్రవానికి నాలుగు పాళ్ళు నీళ్ళు కలిపి వెడల్పాటి కుంచెతో పరిచాను. ఆరాక నీళ్ళతో కడిగి రెండో పూత, అలాగే కడిగి మూడో పూత. మూడోదానికి నీళ్ళు మూడు పాళ్ళే. మొత్తం క్యానులో మూడింట రెండు వంతులు పట్టింది. మధ్యలో కడగడం మానకూడదు. తొందరలో ఒక మూల నీళ్ళు కలపకుండానే పోశాను. మొదట అద్దంలా మెరిసింది. రెండు వారాలకు చేప పొలుసుల్లా లేచింది. దాన్ని గీకి తీయడానికి ఒక పూట పట్టింది.

చేతి తొడుగులు, కళ్ళద్దాలు తప్పనిసరి. ఈ ద్రవానికి క్షారగుణం ఎక్కువ, చేతికి తగిలితే సబ్బులా జారుతుంది. కిటికీ అద్దం మీద పడ్డ చుక్కల్ని మర్నాడు తుడిచాను. తెల్లటి మచ్చలు ఇప్పటికీ పోలేదు. అల్యూమినియం చట్రాన్నీ కప్పి ఉంచాలి. క్యాను మూత బిగించకపోతే గాలి తగిలి లోపల జిగురులా గడ్డకడుతుంది.

ఆరేళ్ళ తరవాత చూస్తే, గచ్చు విషయంలో నాకు పూర్తి తృప్తి. చెయ్యి రాస్తే పొడి అంటదు. ఒలికిన నీళ్ళు ఇంకకపోవడమేమీ లేదు, మునుపటికన్నా నెమ్మదిగా ఇంకుతాయి. అంతవరకే.

ఇటుక గోడ విషయంలో మాత్రం డబ్బు, శ్రమ రెండూ పోయాయి. చెమ్మ ఎక్కుతోందని, సిమెంటు పూతలేని వెనక ఇటుక గోడకు మిగిలిన ద్రవం పూశాను. కాల్చిన ఇటుకలో కలిసేందుకు సున్నం ఉండదు. వానాకాలం వెళ్ళేసరికి గోడంతా తెల్లగా పూసింది. మిగిలిపోయిన సోడియం గాలి తగిలి బట్టలుతికే సోడాగా మారిన పొడి అది. చెమ్మ యథాప్రకారం ఎక్కుతూనే ఉంది. డాబా పగులులో పోసినా అదే గతి. వెంట్రుకంత పగులును కూడా ఇది పట్టి ఉంచదు. అటువంటి చోట పగులు పూడ్చి, వేరే పూత వేయించండి. చెమ్మ గోడకయితే ముందు నీరు ఎక్కడినుంచి వస్తోందో వెతకండి.

లారీ నుంచి బస్తాలు దించే తలుపు దగ్గర రెండు గజాల మేర మళ్ళీ కాస్త అరిగింది. ఈసారి గచ్చును ఇలాగే గట్టిపరిచే లిథియం సిలికేట్ తెచ్చాను. ధర ఎక్కువే గానీ పలుచగా ఉంటుంది, తెల్లపొడి బెడద తక్కువ. వచ్చే వేసవిలో అక్కడివరకే పూస్తాను.