మత్తు మానినవాళ్లకు కొత్త ప్రయోగ మందులు: ఏది మేలు, ఎవరికి మేలు?

తాగుడో డ్రగ్సో మానేసి కొన్నేళ్లుగా నిలబడ్డవాళ్ల దగ్గర వ్యసనాల చికిత్సకు ఇప్పుడు పరీక్షిస్తున్న సైలోసైబిన్ (కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే, భ్రమలు కలిగించే పదార్థం) మాటో కెటమిన్ (ఆపరేషన్లలో ఇచ్చే మత్తుమందు) మాటో ఎత్తి చూడండి. కొందరు వెంటనే వద్దంటారు. కొందరు ఆశగా వివరాలు అడుగుతారు. ఇంకొందరు మొదట అడిగేది, "అది తీసుకుంటే నేను మానేసిన తేదీ పోయినట్టేనా?" అని. బయటివాళ్లకు ఇది చిన్న విషయంలా అనిపించవచ్చు. ఆ తేదీని పట్టుకునే ఉద్యోగాన్ని, సంసారాన్ని, పిల్లల నమ్మకాన్ని మళ్లీ సంపాదించుకున్న మనిషికి అది చిన్నది కాదు. అందుకే ఏది ఎంత పనిచేస్తుందన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. తేడా వస్తే ఎవరు ఏం పోగొట్టుకుంటారో కూడా చూడాలి.

మందులేవీ లేకుండా మీటింగులు, స్పాన్సర్ (తాను ముందే మానేసి, కొత్తగా మానేవాళ్లకు తోడుండే మనిషి), కౌన్సెలింగ్‌తో నెగ్గుకొచ్చే దారి పాతది, చాలామందిని కాపాడింది. మీటింగులకు డబ్బు అక్కర్లేదు, అర్ధరాత్రి ఫోన్ చేసినా ఎత్తే మనిషి ఉంటాడు. ఏ మాత్రా ఆ పని చేయలేదు. కానీ ఈ దారిలో నడిచేవాళ్లలో కొందరికి చికిత్స కోసం మాత్ర వేసుకోవడమన్నా ఓడిపోవడమే. ఈ పట్టుదల చరిత్రకు సరిపోదు. ఈ మీటింగులు నడిపే సంఘమైన ఆల్కహాలిక్స్ అనానిమస్‌ను 1935లో మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరైన బిల్ విల్సన్, 1956లో లాస్ ఏంజలెస్‌లో వైద్యుల పర్యవేక్షణలో, భ్రమలు కలిగించే ఎల్‌ఎస్‌డీ తీసుకున్నారు. ఎన్ని చేసినా మానలేని తాగుబోతులకు అది ఒక కుదుపు ఇస్తుందేమోనని ఆశపడ్డారు. సంఘంలో చాలామందికి అది నచ్చలేదు, ఆయన తర్వాత వెనక్కి తగ్గారు. హెరాయిన్ అలవాటుకు ఇచ్చే మెథడోన్ చికిత్సను రూపొందించిన డాక్టర్ విన్సెంట్ డోల్ కూడా ఒకప్పుడు అదే సంఘానికి ట్రస్టీ. తాగుడుకూ మెథడోన్ లాంటిదేదైనా కనిపెట్టమని విల్సన్ తనను అడిగారని డోల్ తర్వాత చెప్పారు. మందుల గురించి ఆలోచించడమే ద్రోహం అనేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇక ఆమోదం పొందిన మందులు. తాగుడుకు నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్, డైసల్ఫిరామ్ ఉన్నాయి. హెరాయిన్ లాంటి ఓపియాయిడ్లకు మెథడోన్, బ్యుప్రినార్ఫిన్ ఉన్నాయి. తాగుడు మాన్పించే మందుల ప్రభావం ఒక మోస్తరే: సుమారు పన్నెండు మందికి నాల్ట్రెక్సోన్ ఇస్తే, దాని వల్ల ఒకరు మళ్లీ విపరీతంగా తాగకుండా ఆగుతారు. వినడానికి తక్కువే, కానీ ఆ ఒక్కరి ఇంట్లో వాళ్లను అడగండి. ఓపియాయిడ్ల విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. మెథడోన్ లేదా బ్యుప్రినార్ఫిన్ మీద ఉన్నంతకాలం చావు ముప్పు దాదాపు సగానికి తగ్గుతుంది. "ఒక మత్తు మాని ఇంకో మత్తు పట్టావు" అని దెప్పి ఆ మందు మాన్పించేవాళ్లు ఎంత ప్రమాదం తెచ్చిపెడుతున్నారో గ్రహించరు. కొన్నాళ్లు మానేస్తే శరీరానికి అలవాటు తగ్గిపోతుంది. మళ్లీ జారి పాత మోతాదే తీసుకుంటే ప్రాణం పోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి, ఇంకా పరీక్షల్లో ఉన్నవి. వీటన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు.

సైలోసైబిన్ మీద ఎక్కువ ఆశలు పెట్టించింది 2022లో వెలువడిన న్యూయార్క్ పరిశోధన. తాగుడు వ్యసనం ఉన్న 93 మందికి పన్నెండు వారాల కౌన్సెలింగ్‌తో పాటు రెండుసార్లు సైలోసైబిన్ గానీ, పోల్చడానికి ఒక అలర్జీ మందు గానీ ఇచ్చారు. ఆ తర్వాత 32 వారాల్లో విపరీతంగా తాగిన రోజులు సైలోసైబిన్ వాళ్లలో సుమారు 10 శాతం, రెండోవాళ్లలో 24 శాతం. మంచి తేడానే. కానీ తమకు ఏది ఇచ్చారో దాదాపు అందరూ పసిగట్టేశారు. అలాంటప్పుడు మందు గుణమెంత, ఆశ ఎంత అన్నది విడదీయడం కష్టం. పైగా ఇది ఇంటికి తెచ్చుకుని మింగే మాత్ర కాదు. గంటలకొద్దీ మనసు తలకిందులయ్యే అనుభవం, పక్కన శిక్షణ పొందిన మనుషులు, ముందూ వెనకా వారాల తరబడి మాటలు, అన్నీ కలిస్తేనే చికిత్స.

కెటమిన్‌తో చిక్కు వేరు. దానికే అలవాటు పడే ప్రమాదం ఉంది కాబట్టి కోలుకుంటున్నవాళ్ల భయం న్యాయమైనదే. ఒక ఆఫ్రికా మొక్క నుంచి తీసే, భ్రమలు కలిగించే ఐబోగెయిన్ 1962 నుంచి హెరాయిన్ వాడకందారుల నోట నలుగుతోంది. ఒక్కసారి తీసుకుంటే, మత్తు ఆపినప్పుడు వచ్చే విత్‌డ్రాయల్ బాధలు పోయాయని చెప్పేవాళ్లున్నారు, కానీ అది గుండె లయను చెడగొట్టి ప్రాణాలు తీసిన సందర్భాలూ ఉన్నాయి. గుండెను నిరంతరం గమనించే ఏర్పాటు లేనిచోట దాని జోలికి వెళ్లొద్దు. ఇందులో నేను మొహమాట పడను.

సెమాగ్లూటైడ్ సంగతి చూడండి. షుగరుకు, బరువుకు ఇచ్చే ఇంజెక్షన్ ఇది. 2025లో 48 మందితో తొమ్మిది వారాల పాటు జరిగిన ఒక చిన్న ట్రయల్‌లో తాగాలన్న తహతహ, తాగిన రోజున తాగే మోతాదు తగ్గాయి. ఇదీ ప్రయోగమే, ఇదీ మందే. అయినా దీనితో మానేసిన తేదీ పోతుందని ఎవరికీ బెంగ కలగదు. దాన్నిబట్టి కోలుకుంటున్నవాళ్లు జంకేది ప్రయోగానికో, మందుకో కాదనిపిస్తుంది. మళ్లీ తల తేలిపోయే స్థితికి, పగ్గాలు చేజారే స్థితికి వాళ్లు జంకుతారు. ఏళ్ల తరబడి దాన్నుంచే పారిపోయి వచ్చారు మరి. ఆ జంకును మూఢత్వమని కొట్టిపారేయడం తప్పు.

సొంత అనుభవాలను సాక్ష్యంగా తీసుకునే ముందు, కండరాల బిగువు తగ్గించడానికి ఇచ్చే బాక్లోఫెన్ కథ గుర్తు చేసుకోవాలి. ఒలివియే అమీసెన్ అనే ఫ్రెంచ్ గుండె వైద్యుడు దాన్ని ఎక్కువ మోతాదులో తనమీదే ప్రయోగించుకుని తాగుడు మీద కోరిక పోయిందని 2005లో రాశారు. ఆ గాథ ఎందరినో కదిలించింది. 2018లో ఫ్రాన్స్ దానికి ఆమోదం కూడా ఇచ్చింది. కానీ ట్రయల్స్ ఫలితాలు కొన్ని అటు, కొన్ని ఇటు వచ్చాయి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కొన్నేళ్లుగా నిలకడగా ఉన్నవాళ్లు, కొత్తదేదో చూద్దామన్న కుతూహలంతో సైలోసైబిన్, కెటమిన్ వైపు వెళ్లొద్దు. వాళ్లకు కలిసొచ్చేది తక్కువ, పోయేది ఎక్కువ. ఇంకా జారుతూ లేస్తూ ఉన్నవాళ్లు ముందు ఆమోదం పొందిన మందులను సరైన మోతాదులో, చాలినంత కాలం వాడారో లేదో చూసుకోవాలి. ఆ అవకాశమే దొరకనివాళ్లు చాలామంది ఉన్నారు. అవన్నీ నిజంగా వాడి చూసినా ఫలితం లేనివాళ్లు ట్రయల్‌లో చేరాలనుకుంటే నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. చేరాల్సింది మాత్రం ఎథిక్స్ కమిటీ అనుమతి ఉన్న ట్రయల్‌లోనే. డబ్బు కట్టించుకుని అద్భుతాలు ప్రకటించే చోటికి వెళ్లొద్దు.

సంతకం చేసేముందు అడగాల్సినవి ఉన్నాయి. పోలిక కోసం ఇచ్చే మందు నా వంతుకొస్తే తర్వాత నాకేం చేస్తారు? ఇప్పుడు వాడుతున్న డిప్రెషన్ మాత్రలు ఆపాలా, ఆపితే చూసుకునేదెవరు? ఇంట్లో ఎవరికైనా సైకోసిస్ (ఏది నిజమో ఏది భ్రమో తెలియకుండా పోయే మానసిక జబ్బు) ఉంటే దాచకుండా చెప్పాలి, సైలోసైబిన్ అలాంటివాళ్లకు ప్రమాదం. తేదీ విషయానికొస్తే, డాక్టర్ల చేతిలో, స్పాన్సర్‌కు చెప్పి తీసుకున్నదాన్ని జారడమని నేను అనను. స్పాన్సర్ ఒప్పుకోకపోవచ్చు. అయినా ముందే చెప్పండి. ఆ సెషన్ అయ్యాక వచ్చే వారాల్లో మనసు అదుపు తప్పితే మీరు ఫోన్ చేయాల్సింది ఆ మనిషికే.