బాపు కిందినుంచి చూసిన గోదావరి బ్రిడ్జి

మా బాపు కాజీపేటలో రైలు డ్రైవర్‌గా రిటైర్ అయ్యాడు. ఇప్పుడు లోకో పైలట్ అంటున్నారు గానీ ఆయన నోట ఇప్పటికీ డ్రైవరే. కాజీపేట–బల్లార్షా లైన్లో మంచిర్యాల దగ్గర గోదావరి మీది ఇనుప బ్రిడ్జిని ఎన్ని వేలసార్లు దాటాడో లెక్క లేదు. దసరాకు ఇంటికి పోయినప్పుడు మాటల మధ్యలో అన్నాడు: "పైనుంచి పోవుడే గని, దాని కాళ్లు ఎట్లుంటయో ఎన్నడు చూడలే బిడ్డా." ఆ వారమే టికెట్లు తీశాను.

కాజీపేట నుంచి మంచిర్యాల రెండు గంటల చిల్లర ప్రయాణం. భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఉంది గానీ అది సాయంత్రం బండి, నది దాటేసరికి చీకటి పడుతుంది. బ్రిడ్జి కోసమే వెళ్లేవాళ్లు పొద్దున వచ్చే కాగజ్‌నగర్ సూపర్‌ఫాస్ట్ ఎక్కండి. రామగుండం దాటాక నిద్రపోవద్దు. పెద్దంపేట తర్వాత చక్రాల చప్పుడు ఒక్కసారిగా మారిపోతుంది. కింద కంకర లేదు, మట్టి లేదు, బ్రిడ్జిని మోసే ఇనుప దూలం, అంటే గిర్డర్, మొత్తం మోగుతుంది. మా బోగీలో ఒకావిడ కొంగు సర్దుకుని గోదావరమ్మకు దండం పెట్టి, కిటికీలోంచి రూపాయి బిళ్ల వేసింది. బాపు మాత్రం కళ్లు మూసుకుని ఆ చప్పుడే విన్నాడు.

ఈ లైను కథ ఆయనకు కంఠస్థం. నిజాం రాజ్యపు రైల్వే కాజీపేట నుంచి బల్లార్షా దాకా పట్టాలు పూర్తి చేసింది 1929లో. దాంతోనే ఢిల్లీ, మద్రాసు మధ్య నేరుగా దారి పడింది. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ మొదలైందీ ఆ ఏడాదే. మొదట్లో అది పెషావర్ నుంచి మంగళూరు దాకా నడిచేది. అంత పొడుగు ప్రయాణం మన మంచిర్యాల మీదుగా సాగిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

స్టేషన్ బయట ఆటో మాట్లాడుకుని ఏటి ఒడ్డుకు పోయాం. రానుపోను, ఆగినందుకు కలిపి మూడు వందలు. అతను తొందరపెట్టలేదు, బాపును చెయ్యి పట్టి ఇసుకలోకి దింపాడు కూడా. బాపు ఒక స్తంభం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. నీటిమట్టం గీతలు, వరద చారలు చూశాడు. తర్వాత తల పైకెత్తి గిర్డర్ ఆనే చోటు చూపించాడు. ఒక చివర బిగించి, ఇంకో చివర కొంచెం జరిగేటట్టు వదులుతారట. ఎండకు ఇనుము సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది, ఆ జాగా లేకపోతే స్తంభం మీద అదనపు ఒత్తిడి పడుతుంది. మన పక్క మే నెల ఎండలు తెలిసినవాళ్లకు వేరే చెప్పాలా!

అంతలో బొగ్గు గూడ్సు వచ్చింది. బాపు వ్యాగన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. యాభై ఎనిమిది. చివర గార్డు డబ్బా కనిపించగానే ఆయన కుడిచెయ్యి దానంతటదే పైకి లేచింది. గార్డు చూశాడో లేదో తెలియదు.

రెండు మాటలు గట్టిగా చెప్పాలి. ఫొటోల కోసం బ్రిడ్జి మీదికి ఎక్కొద్దు. ప్రాణం పోయే పని, పైగా రైల్వే చట్టం ప్రకారం నేరం. ఇక వానాకాలంలో ఇసుకలోకి దిగనే వద్దు. ఎగువన ఎల్లంపల్లి ప్రాజెక్టుకు 62 గేట్లున్నాయి, అవి ఎత్తితే ఇక్కడ నీళ్లు పెరుగుతాయి. 2022 జులై వరదలో మంచిర్యాల లోతట్టు కాలనీలే మునిగాయి. దసరా నుంచి సంక్రాంతి దాకా వెళ్లడం మేలు.

బస దగ్గరే మనసు కష్టపడింది. స్టేషన్ పక్క లాడ్జిలో ఫోన్లో ఒక రేటు చెప్పి, వెళ్లాక రెండు వందలు ఎక్కువ అడిగారు. బిల్లు ఇవ్వలేదు. వేడినీళ్లు ఒక్క బకెట్టే. పెద్దవాళ్లతో వెళ్తే గది కళ్లారా చూశాకే డబ్బులు కట్టండి. భోజనం విషయంలో మాత్రం ఏ లోటూ లేదు. బస్టాండ్ వైపు ఒక చిన్న మెస్సులో జొన్నరొట్టె, చేపల పులుసు పెట్టారు, బాపు రెండోసారి పులుసు అడిగి మరీ వేయించుకున్నాడు.

మర్నాడు గూడెం గుట్ట సత్యనారాయణ స్వామి దర్శనం చేసుకున్నాం. మెట్లు ఎక్కేటప్పుడు మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నిదానంగా వెళ్లాలి. ఎల్లంపల్లి చూడాలంటే ఇంకో పూట కావాలి, మాకు కుదరలేదు.

రాత్రంతా గూడ్సు బండ్ల హారన్లకు నాకు కంటిమీద కునుకు లేదు. బాపు మాత్రం చాలా రోజుల తర్వాత ఆదమరిచి నిద్రపోయాడు. బ్రిడ్జి ఫొటోలు తోటి రిటైర్డ్ డ్రైవర్ల గ్రూపులో పెట్టాడు. ఇప్పుడు నలుగురు వస్తామంటున్నారు. సంక్రాంతి తర్వాత తీసుకెళ్లాలి. ఈసారి లాడ్జి కాస్త దూరంగా చూస్తానంటే, "వద్దు బిడ్డా, పట్టాల పక్కనే చూడు" అంటున్నాడు.