వోర్నర్ సెమినారా, మార్షల్ ఫెలోషిప్పా?

రెండింటి వెనకా అమెరికా-యూరప్ సంబంధాల కోసం పనిచేసే జర్మన్ మార్షల్ ఫండ్ అనే సంస్థే ఉన్నా, దారులు వేరు. నాటో సెక్రటరీ జనరల్ అయిన తొలి జర్మన్ మాన్‌ఫ్రెడ్ వోర్నర్ పేరిట పెట్టిన సెమినార్ పూర్తిగా రక్షణ, భద్రత చుట్టూనే తిరుగుతుంది. అమెరికన్, జర్మన్ యువ నిపుణులు కలిసి బెర్లిన్, బ్రస్సెల్స్ లాంటి చోట్లకు వెళ్లి, నిర్ణయాలు తీసుకునేవాళ్లనే నేరుగా ప్రశ్నలు అడుగుతారు. రష్యా గురించి జర్మన్ల టెన్షన్ ఏమిటో పక్క కుర్చీలోని వ్యక్తి నోట వింటే, పది నివేదికలు చదివినా రాని అవగాహన వస్తుంది.

1982లో మొదలైన మార్షల్ మెమోరియల్ ఫెలోషిప్ పరిధి పెద్దది. రాజకీయం, వ్యాపారం, సేవాసంస్థలు అన్నీ అందులో ఉంటాయి. ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ కూడా ఒకప్పటి ఫెలోనే. పరిచయాలు బాగా పెరుగుతాయి, కానీ భద్రత అందులో ఒక భాగం మాత్రమే.

రక్షణ విధానంలోనే పనిచేయాలనుకునేవారికి నేను వోర్నర్‌నే చెబుతాను. అమెరికా పౌరసత్వం ఉన్న మన తెలుగు పిల్లలు ఐటీతో పాటు ఇటువైపు కూడా చూడాలి.