ఇద్దరు నర్సులు, 22 పడకలు: ఒక ఆసుపత్రి సేవపై నా అభిప్రాయం

తుంటి ఎముక విరిగిన మా నాన్నగారితో విజయవాడలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి పురుషుల వార్డులో 9 రోజులు ఉన్నాను. శస్త్రచికిత్స, శుభ్రత బాగున్నాయి. క్యాంటీన్ భోజనం సరిపెట్టుకోవచ్చు. చెప్పవలసింది నర్సింగ్ సేవ గురించే.

రాత్రిపూట 22 పడకలకు ఇద్దరే నర్సులు ఉండేవారు. వారిలో ఒక్కరే పురుషుడు కావడంతో కేథటర్ (మూత్రం పోయే గొట్టం) అమర్చడం, లేవలేని రోగిని పక్కకు తిప్పడం, తాగివచ్చి గొడవపడే బంధువులను సముదాయించడం వంటి పనులన్నిటికీ, పక్క వార్డు నుంచి కూడా, ‘బ్రదర్‌’కే పిలుపు వచ్చేది. ఇంత చేసినా చాలామంది ఆయనను కాంపౌండరనే అనుకున్నారు. మొదటి రోజు నేనూ అలాగే పొరబడ్డాను. ఆయన మరో వార్డుకు వెళ్లిన ప్రతిసారీ సిస్టర్ ఒక్కరే మందులు, సెలైన్లు, కేస్ షీట్లు చూసుకోవలసి వచ్చేది. ఒక రాత్రి నాన్నగారి నొప్పి ఇంజెక్షన్ 40 నిమిషాలు ఆలస్యమైంది. ఆవిడ క్షమాపణ కోరినప్పుడు, ఆ తప్పు ఆవిడది కాదని నాకు అర్థమైంది.

మగ నర్సులు ఇంత తక్కువెందుకని అడిగితే, పురుషులు ఈ వృత్తిలోకి రావడం లేదన్నది యాజమాన్యం సమాధానం. అది పూర్తిగా ఒప్పుకోదగినది కాదు. ఎయిమ్స్ సంస్థల నర్సింగ్ ఆఫీసర్ నియామకాలలోనే 80 శాతం పోస్టులు మహిళలకు కేటాయించి, పురుషులకు 20 శాతమే మిగిల్చారు. అక్కడ చోటు దొరకనివారిని ప్రైవేటు ఆసుపత్రులు మంచి జీతంతో తీసుకోవచ్చు కదా!

నర్సుల ఓర్పుకు ఐదు నక్షత్రాలు, వారిని అలా అలసిపోనిచ్చిన యాజమాన్యానికి రెండు.