హైదరాబాద్ ఎఫ్‌సీ వెనకాల తిరిగిన ఊళ్ళు

మొన్న మా చుట్టాల్లో ఒకబ్బాయి కొచ్చి వెళ్తూ ఫోన్ చేసి, అన్నా నువ్వు ఫుట్‌బాల్ పిచ్చితో తెగ తిరిగావు కదా, ఎక్కడ దిగాలో ఎక్కడ తినాలో చెప్పు అన్నాడు. చెప్పడం మొదలుపెడితే ముప్పావుగంట పట్టింది, నేనింకా గోవా సంగతుల దగ్గరే ఉన్నా, వాడేమో అన్నా బస్సొచ్చింది అని పెట్టేశాడు. అందుకే రాసి పెడుతున్నా, ఇంకెవడడిగినా ఇదే పంపిస్తా.

మాది రావులపాలెం పక్కన. ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి పన్నెండేళ్ళు. ఇంట్లో క్రికెట్ తప్ప ఇంకో ఆట పేరు ఎత్తేవాళ్ళు లేరు. 2019లో గచ్చిబౌలి స్టేడియంలో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ క్లబ్బు ఆడటం మొదలుపెట్టింది, సాయంత్రం ట్రాఫిక్‌లో రెండు గంటలు ఇరుక్కునే బదులు మ్యాచ్ చూసి వెళ్దాం అని నేనూ మా బామ్మర్దీ దూరాం, అంతే. మొదటి హోమ్ మ్యాచ్‌లో కేరళని 2-1తో కొట్టి ఆశ పెట్టారు, తర్వాత వరసగా ఓడి అట్టడుగున తేలారు. అయినా వెళ్ళేవాళ్ళం, ట్రాఫిక్ ఎక్కడికీ పోలేదు కదా.

తర్వాత కోవిడ్. రెండు సీజన్లు ఐఎస్ఎల్, అంటే మన దేశపు పెద్ద ఫుట్‌బాల్ లీగ్, మొత్తం గోవాలోనే, గేట్లు మూసి ఆడించారు. ఇక్కడ విచిత్రం చూడండి, మా టీమ్ బాగుపడింది సరిగ్గా మేం చూడటానికి వీల్లేని ఆ రెండేళ్ళలోనే. మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చాడు, 2021-22లో మా స్ట్రైకర్ ఒగ్బెచే 18 గోల్స్ కొట్టాడు, అన్నీ టీవీలోనే. ఫైనల్‌కి మాత్రం జనాన్ని రానిస్తాం అన్నారు. 2022 మార్చి 20, ఆదివారం, ఫతోర్డా స్టేడియం, అవతల కేరళ బ్లాస్టర్స్. బామ్మర్ది లైన్లో ఉండగానే టికెట్లు బుక్ చేసేశా.

గోవాకి ఎలా వెళ్ళాలి అన్నదాంట్లో మేం తప్పు చేశాం. స్లీపర్ బస్సు. ఏ ట్రావెల్స్ అనేది వదిలేద్దాం, కర్ణాటకలోకి వెళ్ళిన కాసేపటికే ఏసీ ఆగిపోయింది, అద్దాలు తెరుచుకోవు, పై బెర్తులో పడుకున్న నేను ఇడ్లీ పాత్రలో ఇడ్లీలా ఉడికా. పైగా ఆ బస్సు పణజి దాకానే, స్టేడియం ఉన్నది మడ్గావ్‌లో. పణజి నుంచి మడ్గావ్‌కి మాత్రం కదంబ, అంటే గోవా ప్రభుత్వ ఆర్టీసీ, వాళ్ళ షటిల్ బస్సులున్నాయి, కౌంటర్లో టికెట్ తీసుకుని లైన్లో నిలబడితే ఒకటి తర్వాత ఒకటి వస్తూనే ఉంటాయి, మధ్యలో ఆపరు, గంటలో దింపేస్తారు. రోజంతా పడిన బాధకి ఆ గంట ప్రయాణమే హాయి.

గోవా అనగానే అందరూ బీచ్ పక్కన రూమ్ అంటారు. మ్యాచ్ కోసం వెళ్తే వద్దు. కొల్వా బీచ్ మడ్గావ్‌కి ఆరేడు కిలోమీటర్లే, కానీ రాత్రి పదింటికి స్టేడియం నుంచి బయటికొస్తే అక్కడి టాక్సీవాళ్ళు చెప్పే రేటుకి ఇంకో రాత్రి రూమ్ వచ్చేస్తుంది. మేం మడ్గావ్ ఊళ్ళోనే ఒకావిడ పాత పెంకుటింట్లో రెండు గదులు అద్దెకిస్తుంటే దిగాం. ఫ్యాన్ టకటకమనేది, బాత్రూమ్ వరండా చివర, కానీ నడిస్తే స్టేడియం ఇరవై నిమిషాలు. పొద్దున్నే సైకిల్ మీద హారన్ కొట్టుకుంటూ పావ్ అమ్మేవాడొస్తాడు, ఆవిడ అందులోకి శనగల కూర పెట్టేది. సాయంత్రాలు బళ్ళ దగ్గర రోస్ ఆమ్లెట్ దొరుకుతుంది, ఆమ్లెట్ వేసి దానిమీద కొబ్బరి మసాలాతో కాచిన కోడి పులుసు పోసి, పావ్‌తో ఇస్తారు. మన దగ్గర ఎవరికీ ఎందుకు తట్టలేదో ఇది.

ఆ ఇంటి వరండాలో మేకుకి ఒక మట్టికుండ వేలాడుతోంది, రెండు పక్కలా నోళ్ళు, పెద్ద నోటికి తోలు బిగించి ఉంది. ఏంటాంటీ ఇది అంటే ఘుమట్ అంది. నాకు ఒక్కసారి మా ఊరి రామాలయం గుర్తొచ్చింది, బుర్రకథలో వంతలు వాయించేదాన్ని మేం గుమ్మెట అంటాం, పేరూ దాదాపు అదే, చేసే మట్టీ అదే. ఆవిడ తీసి చేతికిచ్చింది. చిన్న నోటి మీద ఎడమ అరచెయ్యి మూసి తెరుస్తూ ఉంటే శబ్దం లోపలికి మింగినట్టు, బయటికి ఊదినట్టు మారుతుంది. వెనకటికి ఉడుము తోలు బిగించేవాళ్ళట, అడవి జంతువుల చట్టం వల్ల అది నిషేధం అయ్యాక మేక తోలు వాడుతున్నారు, 2019లో గోవా ప్రభుత్వం దీన్ని రాష్ట్ర వారసత్వ వాద్యంగా ప్రకటించింది కూడా. మేం వెళ్ళింది హోలీ అయిన రెండో రోజు, ఆ రాత్రి వీధి చివర పది మంది కుర్రాళ్ళు ఇదే వాయిస్తుంటే నిద్ర మానుకుని నిలబడి చూశాం. బీచ్‌లో పొద్దుపోయేదాకా దడదడలాడే డీజేల కోసం అంత దూరం వెళ్ళేవాళ్ళకి దండం.

ఇక మ్యాచ్. మా జెర్సీ పసుపు. కేరళ వాళ్ళదీ పసుపే. ఫైనల్లో పసుపు మాకొచ్చింది, వాళ్ళ టీమ్ నలుపు వేసుకుని ఆడింది, కానీ వాళ్ళ జనం ఊరుకుంటారా, రైళ్ళలో బైకుల మీద వేలమంది పసుపులోనే దిగారు. స్టేడియం మొత్తం పసుపు, అందులో మనోళ్ళు ఉప్పు చిటికెడంత. మేం కూర్చున్న చోట చుట్టూ మలయాళీలే, మమ్మల్నీ వాళ్ళలోనే జమ కట్టేశారు. 68వ నిమిషంలో వాళ్ళ రాహుల్ కేపీ గోల్ కొట్టగానే పక్కాయన నన్ను గట్టిగా వాటేసుకుని గాల్లోకి లేపాడు, నా మొహం ఎలా ఉందో చూడలేదు. 88లో మా సాహిల్ తవోరా బాక్స్ బయట నుంచి బంతి కింద పడకుండానే కొట్టిన షాట్ లోపలికి వెళ్ళగానే నేనూ బామ్మర్దీ గంతులేస్తుంటే అదే పక్కాయన, ఇంట్లో దొంగ దొరికినట్టు చూశాడు. ఐదు నిమిషాల తర్వాత తనే నవ్వి వేరుశనక్కాయల పొట్లం మా వైపు జరిపాడు. పెనాల్టీల్లో మా గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, 3-1తో గెలిచాం. ఆపినవాడూ గోవా వాడే, సమం చేసిన తవోరా కూడా గోవా వాడే, ఆ రాత్రి ఆంటీ మమ్మల్ని గుర్తుపట్టి మరీ, కప్పు మీ ఊరిది కాదబ్బాయ్, మాది అంది.

కొచ్చికి మరుసటి ఏడాది, 2023 ఫిబ్రవరి 26న లీగ్ చివరి మ్యాచ్‌కి. శబరి ఎక్స్‌ప్రెస్, సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం ఎక్కితే మర్నాడు మధ్యాహ్నానికి ఎర్నాకుళం టౌన్. ఆ రైలు మనకి అయ్యప్ప మాలతోనే పరిచయం, పసుపు చొక్కాలు వేసుకుని ఎక్కితే టీసీ కూడా, ఏ స్వాములండీ మీరు అని నవ్వాడు. స్టేషన్ దగ్గరే లాడ్జి తీసుకోండి, శుభ్రంగా ఉంటాయి, మరీ ఖరీదు కాదు. మేం మొదట ఆన్‌లైన్లో ఫొటోలు చూసి ఒకటి బుక్ చేశాం, తీరా వెళ్తే మీ బుకింగ్ రాలేదు అన్నారు, యాప్ వాడు వచ్చింది అంటాడు, వాళ్ళు రాలేదంటారు, బ్యాగులతో గంట రోడ్డు మీద. చివరికి పక్క సందులో నడుచుకుంటూ వెళ్ళి అడిగితే ఇంకా తక్కువలో దొరికింది. అప్పట్నుంచీ కేరళలో ముందు బుక్ చెయ్యడం మానేశా, పండగ రోజులు తప్ప.

కలూర్ స్టేడియానికి మెట్రో స్టేషన్ గేటుకి ఎదురుగా అన్నంత దగ్గర, మ్యాచ్ రోజుల్లో రాత్రి ఎక్కువసేపు నడుపుతారు. ఎవే మ్యాచ్‌కి, అంటే అవతలివాళ్ళ ఊళ్ళో మ్యాచ్‌కి, వెళ్ళేవాడికి నేను చెప్పే ఒకే ఒక్క లెక్క ఇదే, ఆట ఎక్కువగా ఏడున్నరకే మొదలవుద్ది, అయిపోయాక ఓడిన మొహంతో గదికి ఎంత తొందరగా చేరతావు అని చూసుకో. ఆ లెక్కన కొచ్చికి నూటికి నూరు. పవర్ బ్యాంకులు, హెల్మెట్లు లోపలికి రానివ్వరు, బయట కొట్టువాళ్ళు పది ఇరవై తీసుకుని దాచిపెడతారు, నాది భద్రంగానే దొరికింది, బామ్మర్దిది మాత్రం వేరే ఎవరిదో ఇచ్చారు, దానికి ఛార్జింగ్ ఎక్కువుందని వాడేం మాట్లాడలేదు.

మంజప్పడ, అంటే కేరళ బ్లాస్టర్స్ అభిమానుల గుంపు, వాళ్ళ గోల గురించి వినడం వేరు. ఆ స్టాండ్ ఎదురుగా కూర్చుంటే డప్పుల మోత చెవికి కాదు, ముందు పొట్టకి తగులుతుంది. నాసిక్ ఢోల్ అని పెద్ద పెద్దవి, వాటి మధ్య చెండ. చెండ దగ్గర్నుంచి చూస్తే తెలుస్తుంది, భుజానికి నిలువుగా వేలాడదీసి పై తోలు మీదే పుల్లలతో కొడతారు, వరసగా పది మంది ఉంటే మణికట్లు అన్నీ ఒకేసారి తిరుగుతాయి. మనోళ్ళు ఓ పాతిక మంది తీన్‌మార్ అందుకున్నారు, వినిపిస్తే ఒట్టు. బోర్హా హెరెరా గోల్‌తో 1-0 గెలిచాం, అప్పుడు ఓ నిమిషం పాటు ఆ స్టేడియంలో మా ఒక్క డప్పే వినపడింది. ఆ నిమిషం ఫోన్లో రికార్డ్ చేసుకున్నా, ఇప్పటికీ ఉంది.

తిండి సంగతి, ఎర్ర బియ్యం అన్నం మా ఇద్దరికీ పడలేదు, నమిలి నమిలి దవడలు నొప్పెట్టాయి, పరోటా కూరతో లాగించాం. మర్నాడు పడవలో ఫోర్ట్ కొచ్చి వెళ్ళొచ్చాం, టికెట్ పది రూపాయల లోపే, ఆ డబ్బులకి అంత నీళ్ళ మీద ప్రయాణం ఇంకెక్కడా చెయ్యలేదు. చైనా వలల దగ్గర ఫొటో దిగండి అని వెంటపడేవాళ్ళని దాటుకుని వెళ్తే మిగతాది బాగుంటుంది.

కోల్‌కతాకి ఇది అయిన రెండు వారాలకే, మార్చి 13, మోహన్ బగాన్ మీద సెమీఫైనల్ రెండో లెగ్. ఇంట్లో ఏం చెప్పానో ఇక్కడ రాయను. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో ఒక రోజు పైనే. సియాల్దా స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగాం, అది పొరపాటే, తెల్లవారుజామున నాలుగింటికే కింద కూరగాయల లారీలు. సామాన్లు పెట్టి సాయంత్రం దాకా మైదాన్‌లో తిరిగాం. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్, ముగ్గురి క్లబ్బులూ పక్కపక్కనే, వాటిని ఇప్పటికీ టెంట్లు అనే అంటారు. 1911లో చెప్పుల్లేని కాళ్ళతో ఆడి బ్రిటిష్ పటాలం జట్టుని ఓడించి షీల్డ్ కొట్టిన మోహన్ బగాన్ ఇదేనా అని గేటు బయట నుంచే చూసొచ్చాం. రోడ్డు మీద సిగ్నళ్ళ దగ్గర స్పీకర్లలో రవీంద్ర సంగీతం వేస్తారు, బామ్మర్ది అక్కడే నిలబడి, మన పంజాగుట్టలో పెడితే హారన్ల మధ్య ఎవడికి వినపడుద్ది బావా అన్నాడు.

అక్కడ ఒక టీ కొట్టు. మట్టి కప్పులో టీ, మూడు గుక్కల్లో అయిపోద్ది, ఇంకోటి తాగాల్సిందే. కొట్టతను డెబ్బై ఏళ్ళాయన, మా జెర్సీ చూసి హైదరాబాదా అన్నాడు. అవునంటే గరిటె పక్కన పెట్టి, హబీబ్ అన్నాడు, నయీముద్దీన్ అన్నాడు, బలరాం అన్నాడు, అందరూ మన హైదరాబాద్ నుంచి వెళ్ళి అక్కడ ఆడిన పాతతరం ఆటగాళ్ళే. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఉన్న అమెరికా క్లబ్బు కాస్మోస్ మీద మోహన్ బగాన్ తరఫున హబీబ్ గోల్ కొట్టాడు, ఆ మ్యాచ్ 2-2, ఈ టీ కొట్టాయన ప్రహరీ పక్క చెట్టెక్కి చూద్దామని పోతే పోలీసులు దింపేశారట. బలరాం గారైతే మా సికింద్రాబాద్ అమ్ముగూడలో పెరిగినాయన, 1962 ఏషియన్ గేమ్స్ గోల్డ్ టీమ్‌లో ఉన్నారు, మేం వెళ్ళడానికి నెల ముందే ఫిబ్రవరి 16న పోయారు, చివరిదాకా అక్కడే హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలో ఉన్నారు. నేను అమ్ముగూడ మీదుగా ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు, అక్కడ ఒక్కడూ నాకు ఆ పేరు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ టీ కొట్టాయన డబ్బులు తీసుకోలేదు.

అక్కడ చేపకి కూడా పార్టీ ఉంది. ఈస్ట్ బెంగాల్ వాళ్ళు గెలిస్తే ఇలిష్, మోహన్ బగాన్ వాళ్ళు గెలిస్తే రొయ్యలు. ఇలిష్ అంటే ఇంకేదో కాదు, మన పులసే, గోదావరికి ఎదురీదితే పులస, అక్కడ పద్మలో అయితే ఇలిష్. పుస్తెలమ్మి పులస తినే ఊరి నుంచి వచ్చినవాణ్ణి, నేను ఏ పార్టీయో వేరే చెప్పాలా. మార్చిలో తాజాది ఎక్కడిది, కోల్డ్ స్టోరేజీదే తిన్నా, ఆవపిండి ముద్దతో. మా అమ్మ పులుసు దగ్గరికి రాదు, కానీ ముల్లు తీసే పద్ధతిలో వాళ్ళు మనకంటే నేర్పరులు, ఒప్పుకోవాలి.

మ్యాచ్ 0-0, ఎక్స్‌ట్రా టైమ్ కూడా అంతే, పెనాల్టీల్లో 4-3తో పోయాం. ఒగ్బెచే కొట్టింది పోస్టుకి తగిలి వచ్చింది, 18 గోల్స్ కొట్టినాయన. స్టేడియం పక్కనే మెట్రో స్టేషన్ ఉంది, కానీ ఆ జనంలో మెట్ల దాకా కూడా వెళ్ళలేక ఉల్టాడాంగా వైపు నడిచాం, ముందూ వెనకా పచ్చ మెరూన్ జెండాలు, పాటలు. మా జెర్సీలు చూసి ఒక్కరు కూడా తప్పుగా మాట్లాడలేదు, ఒక కుర్రాడు మాత్రం బామ్మర్ది భుజం తట్టి, దాదా రొయ్యలు తిని వెళ్ళండి అన్నాడు.

ఆ తర్వాత సీజన్ నుంచి క్లబ్బులో జీతాల గొడవలు, ఆటగాళ్ళు వెళ్ళిపోవడం, మళ్ళీ అట్టడుగు. 2025లో క్లబ్బునే ఢిల్లీకి తీసుకెళ్ళిపోయి పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ చేసేశారు. గచ్చిబౌలి స్టేడియం పక్కనుంచే ఇప్పటికీ ఆఫీసుకి వెళ్తున్నా, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు అటు చూడను. ఢిల్లీ వెళ్ళి చూద్దామా బావా అని బామ్మర్ది అడిగాడు, అది ఎవే మ్యాచ్ అవుద్దా హోమ్ మ్యాచ్ అవుద్దా అన్నా, వాడి దగ్గరా జవాబు లేదు. కోల్‌కతా మాత్రం మళ్ళీ వెళ్తున్నాం, మ్యాచ్ ఏం లేదు, వానాకాలంలో, ఇలిష్ దొరికే టైమ్‌లో. ఈసారి సియాల్దాలో దిగం.