హనోయ్ హొవా లో జైలు మ్యూజియం: పైలట్ల గదులు చూడబోయేవారికి

ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా తెరిచి ఉంటుంది. టికెట్‌తో పాటు ఆడియో గైడ్ కూడా తీసుకోండి, పలకల మీద రాసింది చాలా కొంచెం. ఫ్రెంచివాళ్లు 1896లో కట్టడం మొదలుపెట్టిన జైలు ఇది. 1990లలో చాలా భాగం పడగొట్టి పెద్ద భవనాలు లేపారు, మిగిలింది ముందువైపే. వియత్నాం ఖైదీల కొట్లు, కాళ్లకు వేసే బొండలు, తలలు నరికే గిలెటిన్ ఉన్న భాగాన్ని చాలా శ్రద్ధగా తీర్చారు. గంట అక్కడే గడిచిపోతుంది.

వియత్నాం యుద్ధంలో పట్టుబడిన అమెరికన్ పైలట్ల గదులకు మాత్రం ముందే చదువుకుని వెళ్లాలి. అద్దం వెనక, తర్వాత అమెరికా సెనేటర్ అయిన పైలట్ జాన్ మెకెయిన్‌వని చెప్పే పైలట్ దుస్తులు, పారాచూట్ ఉంటాయి. వాటి ముందు కాసేపు ఆగండి. 1967 అక్టోబరు 26న ఒరిస్కనీ నౌక నుంచి ఎ-4ఇ స్కైహాక్ విమానంలో హనోయ్ విద్యుత్ కేంద్రం మీదికి వెళ్లాడు, అది అతని 23వ దాడి. క్షిపణి కుడి రెక్కను తెంపేసింది. గింగిరాలు కొడుతున్న విమానంలోంచి ఇజెక్ట్ అయ్యేసరికి రెండు చేతులూ, కుడికాలూ విరిగాయి. ట్రుక్ బాక్ చెరువులో మునిగిపోతూ, చేతులు లేవక, లైఫ్ జాకెట్ గాలి నింపే తాడును పళ్లతో లాగాడు.

ఫొటోల్లో ఖైదీలు బాస్కెట్‌బాల్ ఆడుతుంటారు, క్రిస్మస్ జరుపుకుంటుంటారు. చిత్రహింసల ఊసు లేదు, ఈ మ్యూజియంలో పెద్ద లోటు అదే. 1966లో ప్రచారం కోసం కెమెరా ముందు కూర్చోబెడితే, నౌకాదళ పైలట్ జెరెమియా డెంటన్ రెప్పలు ఆర్పుతూ మోర్స్ కోడ్‌లో ‘టార్చర్’ అని చెప్పాడు. 1969 చివరి నుంచే పరిస్థితి కాస్త మెరుగైంది.

గోడలు చూస్తున్నప్పుడు, ఖైదీలు గోడ తట్టి మాట్లాడుకున్న ట్యాప్ కోడ్ గుర్తుంచుకోండి. ఇంగ్లిష్‌లో కె వదిలేసి 25 అక్షరాలను ఐదు వరుసల్లో ఐదేసి పేర్చుకుని, ముందు వరుస సంఖ్య, తర్వాత నిలువు సంఖ్య తట్టేవారు. ఎం కావాలంటే మూడు తట్లు, ఆగి రెండు. కె బదులు సి వాడేవారు. ఒంటరి కొట్లో ఉన్నవాడికి పక్క గది మనిషితో మాట అదే.

1968లో మెకెయిన్‌ను ముందే వదిలేస్తామన్నారు. ముందు పట్టుబడినవాళ్లే ముందు వెళ్లాలని నిరాకరించాడు. అందరికన్నా ముందు, 1964 ఆగస్టులో పట్టుబడిన పైలట్ ఎవరెట్ అల్వారెజ్ 1973 ఫిబ్రవరి 12న విడుదలయ్యాడు, మెకెయిన్ మార్చి 14న. అతను ఈ ఐదున్నరేళ్లూ ఇక్కడే లేడు, 1967 డిసెంబరు నుంచి రెండేళ్లు ప్లాంటేషన్ అనే మరో శిబిరంలో ఉన్నాడు.

ఇక్కణ్ణుంచి ట్రుక్ బాక్ చెరువు టాక్సీలో దగ్గరే. గట్టున అతను పట్టుబడిన చోట శిల్పం ఉంది. దానిమీద యు.ఎస్.ఎ.ఎఫ్. అని చెక్కారు, అది వాయుసేన పేరు. మెకెయిన్ నౌకాదళం మనిషి.